రావలసినవి

మా నాన్న మౌలాలి ఖాతా పుస్తకంలో
ఆ రోజు లెక్క ఇది:
షామియానా ఒకటి, ఇనప కుర్చీలు ఎనభై,
మైకుసెట్టు మనది కాదు,
జంపఖానాలు మూడు.
వచ్చినవి రెండు.

మిర్చి యార్డు హమాలీల సభ.
బస్తాకి పావలా కూలి పెంచాలని.
ఎమ్మెల్యే దశరథం గారు కుర్చీ వద్దని
చెప్పులు విడిచి జంపఖానా మీదే కూర్చున్నాడట,
ఘాటుకి తుమ్ముతూ, నవ్వుతూ.
తుమ్మితే కాసేపు ఆగాలంటారు.
వాళ్ళు ఆగలేదు.
ఆయన ముందుకి వంగిపోతే
ఇంకో తుమ్మే అనుకున్నారు వెనక వరసలో.

తెల్లారేసరికి గుంటూరు
ఇంటిపేర్లు చదవడం నేర్చుకుంది.
కొట్టులో ఏం దొరుకుతుందో చూసే కళ్ళు
కొట్టు ఎవరిదో చూశాయి.
బ్రాడీపేటలో మందులషాపు,
లాలాపేటలో పెళ్ళికార్డుల ప్రెస్సు,
సగం అచ్చయిన శుభలేఖలతో సహా.
మా బోర్డు మీద ఇంటిపేరు లేదు.
కిరసనాయిలు డబ్బాలతో గుంపు కాసేపు నిలబడి
ఎటూ తేలక వెళ్ళిపోయింది.
లోపల పరదాల మోపుల మధ్య మా అమ్మ
ఒక చేత్తో అన్న నోరు, ఒక చేత్తో నా నోరు.

పదకొండు రోజులు కర్ఫ్యూ.
యార్డులో తగలబడ్డ మిర్చి పొగకి
ఊరంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.
ఎవరు ఎవరి కోసం ఏడ్చారో
ఇప్పటికీ తెలియదు.

ఎన్నికలొచ్చాయి. ప్రభుత్వం పోయింది.
ఆయన పేరు చెప్పి గెలిచినవాళ్ళూ
ఆయన్ని చంపించారని పేరుపడినవాళ్ళూ
ఆ పై ఎన్నికకి ఒకే జీపెక్కారు.
కాలేజీలో మా క్లాసు బెంచీలు
ఎవరూ చెప్పకుండానే రెండయ్యాయి,
నేను మధ్యలో నడవాలో గోడ పక్కన నడవాలో తెలిసేది కాదు.
పావలా మాత్రం పెరగలేదు.

సాక్షులు నలభై ఒక్కరు.
చూసినవాడు ఒక్కడూ లేడు.
జంపఖానా ఒక్కటే కోర్టులో కూర్చుంది
మెడకి చీటీ కట్టించుకుని, తొమ్మిదేళ్ళు.
అందరూ నిర్దోషులేనని తీర్పొచ్చిన మర్నాడు
నాన్న రసీదు పట్టుకెళ్ళాడు.
"ఎలకలు కొట్టేశాయి సాయిబూ" అన్నాడు గుమాస్తా.
నాన్న ఆ మాట కూడా ఖాతాలో రాశాడు,
తారీఖు వేసి.

ఇప్పుడు వర్ధంతికి
మూడు పార్టీలవాళ్ళూ నా దగ్గరే టెంట్లు తీసుకుంటారు.
మూడు చోట్లా అదే ఫొటో.
కుర్చీలు ప్లాస్టిక్‌వి, తెల్ల గుడ్డ తొడిగి.
కింద ఎవరూ కూర్చోరు.
జంపఖానాలు అడిగేవాళ్ళే లేరు.

మొన్న ఆడిటర్ దగ్గర కుర్రాడు
పాత పుస్తకాలు తిరగేస్తూ
"అక్కా, ఇది రాదుగా, కొట్టేద్దామా?" అన్నాడు.

ఉంచమన్నాను.