నాలుగున్నర నిమిషాలు

అక్టోబరు వచ్చిందంటే బల్లారట్‌కి గడ్డి పూనకం.
పడమటి పొలాల మీంచి కంటికి ఆనని పిండిని
ఊరంతా ఎవరో జల్లిస్తుంటారు.
రేడియోలో వాన కబురుతో పాటు పుప్పొడి లెక్క:
ఇవాళ ఎక్కువ, రేపు మరీ ఎక్కువ.

నా పని గ్యాసు లీకులు పసిగట్టడం.
మీటరు ముందు మోకాళ్ళ మీద కూచుంటే
యంత్రం కూయకముందే ముక్కు చెప్పేది, ఇదిగో ఇక్కడని.
పదకొండేళ్ళు ముక్కుసూటిగా బతికినవాణ్ణి.
ఈ ఏడు ఆ ముక్కే మూగబోయింది.
ఎడమ చెవిలో తడి దూది కుక్కి
ఎవరో తీయడం మరిచిపోయినట్టుంది.
హైమ "పాలు" అంటే నాకు "చాలు" అని వినపడింది.
ఏం చాలో తెలియక
సగం అన్నంలో చెయ్యి కడుక్కున్నాను.

స్టర్ట్ వీధి మందుల షాపులో
సగం ధర బుట్టలో దొరికింది:
అరచేతిలో ఇమిడే డబ్బా, దానికి రెండు తీగలు,
తీగల కొసన రెండు ఎర్రటి మొగ్గలు.
నలభై తొమ్మిది డాలర్లు.
అట్ట మీద నవ్వుతున్న ఆవిడకి
జన్మలో తుమ్మొచ్చినట్టు లేదు.
డాక్టరు పెట్రోవిక్ కళ్ళద్దాలు పైకి తోసి
"హాని లేదు, హామీ లేదు,
ముక్కులో కొట్టే మందు మాత్రం మానకు" అన్న అర్థం వచ్చేలా
ఇంగ్లీషులో ఏదో గొణిగాడు.

హైమ ముక్కున వేలేసుకుంది.
నేను దీపం వేసుకున్నాను.

ఆ రాత్రి బాత్రూములో లైటార్పి చూస్తే
అద్దంలో నా మొహం లోపల్నించి వెలిగింది.
ముక్కు దూలానికి అటూ ఇటూ
గోరింటాకు పండిన ఎరుపు,
నడుమ ఎముక నీడ, ఎండాకాలపు వాగంత నరం.
నలభై ఆరేళ్ళుగా మోసుకు తిరుగుతున్న ఇంట్లో
ఎప్పుడూ దీపం పెట్టని గది ఒకటుందని
అప్పుడే చూడ్డం.
నాలుగున్నర నిమిషాలకి టిక్కుమని ఆరిపోయింది.
ఏమీ కాలేదు.

రోజుకు మూడుసార్లు.
మధ్యాహ్నం వ్యాన్లో, తినీతినని బ్రెడ్డు పక్కన పెట్టి.
కిటికీలోంచి నన్ను చూసి ఒక కుర్రాడు
సైకిలు మీంచి పడబోయాడు.
చెవికి వేరే మొగ్గ. అది పెట్టుకుని కూచుంటే
"నాన్నా, షాపువాళ్ళు నీ చెవిలో పువ్వు పెట్టారు" అంది ఇందుజ.
ఆ ముక్క మటుకు స్పష్టంగా వినపడింది.

సోల్జర్స్ హిల్‌లో డోరీన్ అనే పెద్దావిడ
గ్యాసు వాసనొస్తోందని ఫోను చేసింది.
యంత్రం ఏమీ లేదంది.
"నీకు వస్తోందా?" అనడిగింది.
యంత్రం లేదంటోందన్నాను.
"నేను యంత్రాన్ని అడగలేదు."
ఏం చెప్పను? మళ్ళీ మొదట్నించి
కీలు కీలుకీ సబ్బునీళ్ళు రాసుకుంటూ పోయాను.
పొయ్యి వెనకాల ఒక బుడగ.
ఆవగింజంత.
పగల్లేదు, పెరిగింది.
ఆమె చేసిచ్చిన టీకి కూడా వాసన లేదు.
బాగుందన్నాను.

ఇరవైమూడో రోజు. రాత్రంతా వాన.
పొద్దున్నే వంటింట్లో అడుగు పెడితే
కుళ్ళు! పచ్చి కుళ్ళు! సింకు గొట్టంలోంచి
ముల్లంగి, పాచి, మాగిన నూనె,
తప్పిపోయిన చుట్టాల్లా ఒక్కొక్కరే
పేరు పెట్టి పిలుస్తున్నారు నన్ను.
"హైమా! కంపు! కంపు కొడుతోంది!"
లాటరీ తగిలినవాడిలా అరిచాను.
"రెండు నెలల్నించీ మొత్తుకుంటున్నా,
చెవిన పెడితేగా" అంది,
దోసె తిరగేస్తూ.

దీపమా, మందా,
పుప్పొడిని కడిగేసిన వానా?
ఎవర్నడిగినా నాదంటే నాదంటారు.
డబ్బాని సొరుగులో పెట్టాను, పారెయ్యలేదు.
బకెట్టు కింద పెట్టి, పానా తెచ్చి
గొట్టం విప్పాను.
ముక్కు మూసుకోలేదు.