మందు మలుపు

చీమకుర్తి దాటి రామతీర్థం వైపు తిరిగే కాడ
పదిహేడో నంబరు స్తంభం.
దాని పొడుగు తెలుసు, బరువు తెలుసు,
ఏ పక్క తగిల్తే ఎటు వంగుద్దో తెలుసు.
ఏడుసార్లు అతికినోణ్ణి.

మొదటిసారి మొక్కజొన్న లోడు.
రెండోసారి ఎవరో తెలీదు,
గోధుమరంగు పెయింటు మాత్రం వదిలి పొయ్యాడు.
మూడోసారి పెళ్లిబస్సు,
అద్దం పగిలినా లోపల పాటలు ఆగలేదంట.
ఆ తర్వాతవన్నీ రాళ్ల ట్రైలర్లే.
ఇల్లంత నల్లరాయి, నాలుగు గొలుసులు,
మూడు రాత్రుల నిద్ర బాకీ ఉన్న డ్రైవరు.

స్టేషన్లో రాసేది ఎప్పుడూ ఒకటే:
గుర్తు తెలియని వాహనం.
గుర్తులు నా దగ్గరున్నాయి సారూ,
పచ్చ గీత, ఎర్ర గీత, నీలం మీద పసుపు,
వేలితో తడిమి బళ్ల పేర్లు చెప్తా.
ఎవరూ అడగలా.

ఒక్కడొచ్చాడు, ఐదోసారి గుద్దినోడు,
మర్నాడు పొద్దున్నే, తలకు కట్టుతో.
స్తంభం మొదట్లో నిమ్మకాయ పెట్టి
అరవంలో ఏందో చెప్పాడు.
మాట అర్థం కాలా.
చెయ్యి చూపించిన కాలవ అర్థమైంది.

జొన్నదంటుకు మల్లే కణుపులు దానికి.
ప్రతి కణుపూ నా చేతిదే.
కాయితాల్లో మాత్రం ఏడు కొత్త స్తంభాలు,
ఏడు గోతులు, ఏడు దీపాలు, సిమెంటు బస్తాలు.
అవన్నీ నిజంగా నిలబడుంటే
ఈ మలుపు పట్టపగలల్లే ఉండేది.
కాంట్రాక్టరు మనిషి మూడొందలిచ్చి, టీ తాగించి,
"మరీ గట్టిగా వద్దులే ఖాజావలీ,
ఈసారి గూడా పడేదేగా" అన్నాడు.

దాని పక్కనే బోర్డు.
ముందు మలుపు, నెమ్మదిగా పొండి, అని ఉండేది.
ట్రైలరొకటి ఒరుసుకు పొయ్యేప్పుడు
మొదటక్షరం కొమ్ము గీక్కుపోయింది.
అప్పట్నించి అది మందు మలుపు.
కండక్టరు అట్టనే అరుస్తాడు,
"మందు మలుపోళ్లు దిగండి."
కుర్రోళ్లు సీసాలు పట్టుకొచ్చి ఫొటోలు దిగుతారు.
శుభలేఖ మీద గూడా అచ్చేయించారొకరు,
ఇంటి ఆనవాలుగా.
కింద రాసున్న నెమ్మది సంగతి
ఎవరికీ గుర్తులా.

మొన్న ఏడోసారి పడ్డాక
పదకొండు రాత్రులు చీకటి.
ఒక్క బండీ గుద్దలా.
లైన్‌మన్ మాల్యాద్రి నవ్వాడు:
"చూశావా, తప్పంతా స్తంభానిదే."
నేనూ నవ్వా.
ఇడ్లీబండి అంకమ్మ నవ్వలేదు.
పొయ్యిలోకి జామాయిల్ పుల్ల తోస్తా,
మా ఇద్దరి మొకాలూ చూడకుండా,
"అది లేకపోతే
దాని ఎనక వరసలో ఉండేది నేనేగదబ్బయా."

అప్పుడు కొలిచి చూశా.
స్తంభానికీ పొయ్యికీ మధ్య పద్నాలుగు అడుగులు.
చెట్నీ గిన్నె దాకైతే పన్నెండే.

ఆ రాత్రి మాస్కు దించి
లోపల ఒక పట్టీ, బయట ఒక పట్టీ,
అడుగున రైలుపట్టా ముక్క
(యాణ్ణించి తెచ్చానో అడగొద్దు),
ఎవరి బిల్లులోనూ లేని ఇనుము.
అంకమ్మ మనవరాలు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని
వేళ్ల సందుల్లోంచి చూస్తానే ఉంది.
బోర్డుకు కొమ్ము గూడా దిద్దా.
తెల్లరంగు అయిపోయింది, ఎర్రరంగుతోనే.
దూరం నించి చూస్తే
దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది.

మాల్యాద్రి స్విచ్చి వేశాడు.
రెండుసార్లు వణికి వెలిగింది.
కింద మేము, ఇడ్లీ ఆవిరి, రెక్కల పురుగులు.
అంతలో రామతీర్థం దిక్కు నించి
రాయి వస్తున్న చప్పుడు.
అది కాళ్లకు ముందు తెలుసుద్ది, చెవులకు తర్వాత.
మాల్యాద్రి నిచ్చెన పక్కకు లాగాడు.
అంకమ్మ చెట్నీ గిన్నె ఇంకో అడుగు ఎనక్కి జరిపింది.
నేను స్తంభం మీద చెయ్యేశా.
అతుకు ఇంకా కాలతానే ఉంది.