బెల్ మీద పేరు

పదేళ్లు తెగకుండా ఉండాలట.
తెగితే మళ్లీ ఒకటి నుంచి లెక్క.

టురిన్ మునిసిపాలిటీ, పదహారో కిటికీ.
అద్దం వెనకామె స్క్రీన్ నావైపు తిప్పింది.
ఏడేళ్ల కిందట, నవంబరు మొదలు ఫిబ్రవరి ఆఖరు దాకా
నా పేరు పక్కన ఒకటే మాట:
ఆచూకీ లేదు.

నవ్వొచ్చింది. అక్కడ నవ్వకూడదు.

ఆ చలికాలం నేనెక్కడికీ పోలేదమ్మా.
కోర్సో రెజీనా మీద, నాలుగో అంతస్తులో
సిన్యోరా ఇర్మా పక్కన మడతమంచం మీద పడుకున్నాను.
రాత్రి మూడింటికి లేపేది,
మీ లిమాలో ఇప్పుడు టైమెంత అని.
మాది లిమా కాదు, అయకూచో అని
నూట ఇరవై సార్లు చెప్పాను.
రాత్రికొకసారి.

మీ వాళ్లు నా పాత గది దగ్గరికి వెళ్లి
మూడుసార్లు బెల్ చూసి వచ్చారట.
ఆ గదిలోంచి నేను బయటపడ్డ మర్నాడే
ఇంటాయన గోటితో నా పేరు గీకేశాడు.
కొత్త చోట రాయించమంటే
ఇర్మా కొడుకు ఫుల్వియో, చెత్త పన్ను పెరుగుతుంది,
కాస్త ఆగు అన్నాడు. ఆగాను.
ఆ బెల్ మీద వాళ్ల నాన్న పేరుంది.
ఆయన పోయి అప్పటికి పంతొమ్మిదేళ్లు.

బూట్ల పెట్టె బోర్లించాను కిటికీ ముందు.
మందుల షాపు రసీదులు
తెల్లకాగితాలై ఊరుకున్నాయి,
వేలితో రుద్దినా ఒక్క అంకె రాలేదు.
ఇంటికి డబ్బు పంపిన చీటీలు ఉన్నాయి గానీ
ఎవరు ఎవరి పేరు మీదైనా పంపొచ్చు కదా, అంది.
నిజమే. నేనూ ఇద్దరి పేర్ల మీద పంపాను.

నీలం అట్ట నోటుబుక్కు తీశాను చివరికి.
నూట నలభై, ఎనభై.
నూట యాభై రెండు, తొంభై.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి,
క్రిస్మస్ రోజు కూడా, ఆ రోజు సిరా ఎర్రది.
చూడండి, నవంబరులో నా ఒకట్లు ఉత్త నిలువు గీతలు.
జనవరికల్లా వాటికి
మీ ఒకట్లలా ముక్కు మొలిచింది.

ఆమె పేజీలు తిప్పింది, ఓపికగానే.
ఇది ఆవిడ రక్తపోటమ్మా,
మీ నివాసం కాదు.

వెనక క్యూలో ఎవరిదో పిల్ల ఏడుస్తోంది.
పెట్టె అడుగున అట్టముక్క కింద
సిగ్గుతో దాచిన కాగితం ఇంకొకటుంది.
జనవరి పద్దెనిమిది, నాలుగో నంబరు ట్రామ్,
టికెట్ లేకుండా ప్రయాణం.
ఇర్మా కింద పడిన రోజది. పరిగెత్తి ఎక్కాను.
ఆ ఇన్‌స్పెక్టర్ తొందరపడలేదు.
చేతి తొడుగు తీసి, పాస్‌పోర్టు మోకాలి మీద పెట్టుకుని
ఎడెల్మీరా పాలోమినో సుల్కా,
ఒక్క అక్షరం పోకుండా రాశాడు.
స్టాపు పేరు, గంట, నిమిషం.
ట్రామంతా నన్నే చూస్తుంటే
నేను కిటికీలోంచి మంచు చూశాను.

ఆ చలికాలం ఈ దేశం తరఫున
నన్ను చూసినవాడు అతనొక్కడే.

ఆమె దాన్ని వెలుతురుకి పట్టింది,
ముద్ర మీద వేలు పెట్టి చదివింది,
జెరాక్స్ తీసి ఫైల్లో పెట్టింది.
ఒక రోజు, అంది.
మిగతా నూట పందొమ్మిదికీ ఏమైనా ఉంటే
నెలలోపు తెండి.

బయట వాన. నాలుగో నంబరే ఎక్కాను,
టికెట్‌ను రెండుసార్లు గుద్దాను.
కోర్సో రెజీనాలో ఎందుకు దిగానో తెలీదు.
ఆ బెల్ మీద ఇప్పుడు కొత్త పేరు, ఇత్తడి పలక.
నొక్కాను.
ఎవరూ, అంది జాలీలోంచి ఒక కుర్ర గొంతు.
చెప్పాను, మొత్తం పేరు.
అలాంటివాళ్లెవరూ ఇక్కడ లేరండీ.

ఉండేదాన్నండీ, అన్నాను.