ఇరవై అడుగులు

సెతూబల్ రేవులో చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూసేశాక
నా చేతులకు పని నువ్వే, ఫెరూజెం.
పేరుకు తగ్గట్టే తుప్పు రంగు.
పడవల షెడ్డులో గొలుసు తినేసిన బోడి గీత మెడ చుట్టూ.
ఎడమ చెవి సగమే. మిగతా సగం ఏ కుక్క నోట్లో పోయిందో
నువ్వు చెప్పవు, నేనడగను.

మనుషుల దగ్గర వెన్నముద్దవే.
ఇంకో కుక్క వాసన తగిలిందా,
వీపు మీద వెంట్రుకలు ముళ్ళవుతాయి,
నా భుజం ఊడొచ్చినంత పనవుతుంది.

అందుకే తెల్లవారక ముందే బయల్దేరతాం.
నీ మూతికి బుట్ట, నా జేబులో ఉడికించిన చేప ముక్కలు.
వీధికి అవతల అడెలీనో
తన గుడ్డి ముసలి కుక్కతో నడుస్తాడు
నీ కోసమే, చలిని తిట్టుకుంటూ.
మధ్యన అరవై అడుగులు.
నువ్వు చూస్తావు. నేను ముక్క పెడతాను.
చూస్తావు. ముక్క.
మార్చిలో నలభై. ఏప్రిల్ చివరికి ముప్ఫై.

ఆ ఆదివారం చర్చి మలుపులో
ఎవరో వదిలేసిన బొచ్చుకుక్క ఎదురుపడింది.
నా మోకాలికి ఏడు కుట్లు.
మళ్ళీ అరవై.
"సూది వేయించెయ్, పీడా పోతుంది" అన్నాడు అన్నయ్య ఫోన్లో.
పెట్టేసి, పొయ్యి మీద చేపలు పడేశాను.

ఇవాళ వాన. ఇరవై అడుగులు.
గుడ్డి కుక్క ఆగి, గాలిని వాసన చూసింది.
నీ గొంతులో గుర్రు మొదలై
సగంలో తెగింది.
తల తిప్పి నా జేబు వంక చూశావు.

అడెలీనో చెయ్యి ఊపబోయి
మానుకున్నాడు.