ఏడు మాత్రలు

ముందు స్వరం తప్పలేదు వాడు.
విరామం తప్పాడు.

నాలుగు మాత్రలు ఊరుకోవాల్సిన చోట
ఏడు ఊరుకున్నాడు,
ట్రాంబోన్ ఒళ్లో పెట్టుకుని, తల ఓ పక్కకి వంచి,
పక్కగదిలోంచి ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు.
పక్కగదిలో ఉన్నవి మడతకుర్చీలు, చిరిగిన డ్రమ్ము.

స్టవాంగర్ నుంచి పడవలో గంట, మా దీవి.
బడి బ్యాండులో ఇరవై మంది పిల్లలు, నేనొక్కదాన్నే పంతులమ్మని.
యోస్తెయిన్‌కి పదహారు. రెండో వరస, కిటికీ వైపు.

అక్టోబరులో కిటికీ వైపు కూర్చోనన్నాడు.
చలి కాబోలనుకున్నాను.
నవంబరులో ఫోను కెమెరా మీద ప్లాస్టరు అంటించాడు.
ఈ కాలం పిల్లలు అందరూ అంటిస్తారేమో, నాకేం తెలుసు.
జోకులకి నవ్వడం మానేశాడు. తర్వాత
జోకు లేనిచోట నవ్వాడు, పెదవులతో మాత్రమే.
అదే స్వెట్టరు, మోచేతి దగ్గర అదే చేపల సూపు మరక, మూడు వారాలు.
స్వరాల కాగితం నిండా పెన్సిలు బాణాలు.
"ఈ మౌనం ఇక్కడ నాకోసం ఎవరు పెట్టారు?"
"రాసినాయన. పోయి వందేళ్లయింది" అన్నాను.
అందరూ నవ్వారు.
వాడు తలూపాడు, సమాధానం దొరికినట్టు.

ఆ తలూపడం ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు.
ఎందుకంటే గున్‌వోర్.
పన్నెండేళ్ల కిందట, క్లారినెట్.
అప్పుడూ అనుకున్నాం: వయసు. చీకటికాలం. ఎవరో కుర్రాడు.
అనుకుంటూ అనుకుంటూ మూడేళ్లు.
ఇప్పటికీ డిసెంబరులో కార్డు పంపుతుంది తను,
అక్షరాలు గోడ పట్టుకుని నడుస్తుంటాయి.

వాళ్లమ్మ తోర్‌దిస్‌ని సాల్మన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపాను.
"నేను డాక్టర్ని కాదు, తాళం వేసేదాన్ని" అన్నాను.
చేతి తొడుగులు తీయకుండానే అంది:
"రోజూ రాత్రి ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తున్నాడు.
పాలు విరిగిపోతున్నాయి.
నేను పాల గురించి తిట్టాను."

ఫోను నంబరు బడి నోటీసుబోర్డు మీదే ఉంది,
ఈత పోటీల కాగితం కింద.
ఎవరి చీటీ అక్కర్లేదట, ఎవరైనా చేయొచ్చట.
గురువారం ఇద్దరొచ్చారు. తెల్లకోట్లు లేవు, తడిసిన బూట్లు.
మొదట ట్రాంబోన్ గురించే అడిగారు.

ఇప్పుడు మార్చి.
అంతా బాగయిందని రాయను.
రాత్రికి ఒక మాత్ర. నోరెండిపోతుందట, ఊదడం కష్టం.
అయినా మంగళవారం మంగళవారం వస్తాడు,
చిన్న నోటుపుస్తకం పట్టుకుని.

"హీటరు మోగుతోందా, మీకూ?"
మోగుతోంది. టిక్కు పెట్టాడు.
"దాని వెనకాలది?"
విన్నాను. ఊపిరి బిగబట్టి, నిజంగానే విన్నాను.
లేదు యోస్తెయిన్. నాకు లేదు.

పెన్సిలు గాలిలో ఆగింది,
నాలుగు మాత్రలో, ఏడో,
నేను లెక్కపెట్టలేదు.