పక్క భుజం

మిల్లు ఆరింటికి వదిలితే
ఆరున్నరకు సాగర్ రోడ్డు మీద
టైర్ల షాపు మేడ ఎక్కుతా.
చెవులల్ల ఇంకా ఊక ఉంటది.
నెలకు ఐదొందలు.
ఇనుము తక్కువే, అద్దం మాత్రం పెద్దది.

మొదటి రోజు నాగుల్‌మీరా అడిగిండు,
ఏం పని జేస్తవ్?
హమాలీ అన్నా.
నవ్విండు. ఇగ నీకు భుజాలు నేర్పేదేముంది.
ఐదు కిలోల డంబెల్ చేతిల పెట్టి
పక్కకు లేపు, అన్నడు.

పొద్దటి నుంచి రెండు లారీలు నింపిన చెయ్యి
యాభై కిలోల బస్తా మెడకెత్తుకొని
పలక మీద ఉరికిన చెయ్యి
ఐదు కిలోలకు వణికింది.
పదోసారికి లేవనే లేదు.
పక్కన ఇంటర్ పోరడు ఏడున్నర లేపుకుంట
నన్ను చూడనట్టు చూసిండు.

మోసింది మెడ తమ్మీ,
భుజాన్ని ఎవ్వడూ పని అడగలే.
మీరా వేలుతోటి పొడిచి చూపిచ్చిండు.
ముందటొకటి, పక్కకొకటి, ఎనకొకటి,
ఒక్కటే ఇంట్ల మూడు పొయ్యిలు.

ముందుకు ఎత్తుడు నాకు కొత్త గాదు.
గుమస్తాకు చీటి అందియ్యాలన్నా ముందుకే
కూలి పైసలు పట్టాలన్నా ముందుకే
దండం గూడ ముందుకే.
ఆ కండ ఎన్నడో ముదిరింది.
బెంచీ మీద నొక్కినప్పుడు దాని కడుపు నిండుతది,
మళ్ల వేరే వడ్డించకు, అన్నడు.

ఎనకది వంగి చెయ్యాలె.
నడుము వంచి, నేలను చూసుకుంట
రెండు చేతులు కొంగ రెక్కల్లెక్క.
వంగుడు నాకొకరు చెప్పాల్నా?
రెక్కలే, ఎన్నడూ ఇప్పలే.

పక్కకు ఎత్తుడు కాడనే తిప్పలంత.
ఊపినవా, మెడ వచ్చి దొంగిలిస్తది.
మణికట్టు గాదు, మోచెయ్యి లేవాలె.
భుజం మట్టం దాక చాలు.
ఆడ ఒక్క గడియ ఆగి
ఎక్కిన దానికంటె మెల్లగ దిగాలె.

దించుడు గూడ పనే అని నాకెవ్వరూ చెప్పలే.
మా కాడ దించుడంటే పడేసుడు.
ధబ్. దుమ్ము. ఇంకోటి.

నిలబడితే నడుము దొంగసాయం జేస్తది,
కూసుంటే అబద్ధం నడవది.
డంబెల్ కింద ఉన్నంతసేపు మంచిదే,
మీదికి పోంగ పోంగ ఉరుముతది.
కేబులు అట్ల గాదు
షావుకారి లెక్క మొదటి ఇంచీ నుంచే గుంజుతది.
ఉన్నది ఒక్కటే కేబులు. దానికి లైను.

పైసలిచ్చి బరువులు మోసుడేందిరా,
ఈడ మోస్తే పైసలిస్తుండ్రు గదా?
మేస్త్రి ఇన్నయ్య అన్న మాటకు
మిల్లంత నవ్వింది, నేను గూడ.
అద్దం సంగతి చెప్పలే.
అంగీ ఇప్పి నిలబడ్డ మొదటి రోజే చూసిన,
నా ఎడమ భుజం రెండేళ్లు కిందికి జారింది.
ఇరవై నాలుగేండ్లకు.
ఇన్నయ్యది నాలుగేళ్లు.
ఆయన ఎనక నడిచేటోళ్లకు తెలుస్తది,
ఆయనకు తెల్వది.

ఇప్పుడు రోజూ చివరికి ఉత్త చేతులు
రెండు పక్కలకు చాపి చూసుకుంటా
బస్తా పెట్టని కాంటా లెక్క.
ఎడమది ఇంకా వేలెడు కిందనే ఉంది.

మొన్న అన్నం తిన్నంక
బస్తాల సాటుకు నన్ను పిలిచిండు ఇన్నయ్య.
చేతులల్ల రెండు నీళ్ల సీసాలు.
ఎవ్వరన్నా వస్తున్నరా అని అటు ఇటు చూసి
యాడిదాక లేపాలెరా, అన్నడు.
మోచెయ్యి కింద నా వేలు పెట్టిన.
కుడిది వచ్చింది.
ఎడమది సగంల ఆగింది, పండ్లు కరిసిండు.
చాలు మేస్త్రీ, ఆడనే ఆపు,
ఇగ మెల్లగ దించు.

దించబట్టిండు. సీసల నీళ్లు ఊగుతున్నయ్.
దించుడే కష్టముందిరో, అన్నడు.