పంపకం

ఇరవై రోజులకోసారి నూవొరో ఆసుపత్రి, మూడో అంతస్తు,
కిటికీ పక్క కుర్చీ నాది.
పైనుంచి ఎవరిదో తెలియని నెత్తురు
చుక్క చుక్కా దిగుతుంటుంది.
ఇవాళ సంచీ నంబరు మూడు తొమ్మిదులతో ముగిసింది,
అదృష్టవంతుడివి అంది నర్సు బస్తియానా.
నవ్వాను. నవ్వకపోతే నాడి చూస్తుంది.

పక్క స్టూలు మీద మా అక్క బొనారియా,
ఒళ్లో లాప్‌టాప్, చెవి వెనక పెన్సిలు.
మూడు ఊళ్లు రమ్మన్నాయి.
పావియాలో మానవ జన్యుశాస్త్రం,
ఫీజు తక్కువ, పొగమంచు ఎక్కువ.
గ్రోనింగెన్‌లో ల్యాబు అద్దంలా ఉంటుందట,
అద్దెకి గది దొరకడమే గగనమట.
సస్సారిలో పంటల జన్యుశాస్త్రం,
బస్సెక్కితే రెండు గంటలు,
మైక్రోస్కోపులకి మా నాన్న వయసు.

కాగితం మీద గళ్లు గీసింది:
ఫీజు, అద్దె, పాఠం చెప్పేవాళ్లు, తర్వాత ఉద్యోగం.
చివరి గడికి పేరు పెట్టలేదు,
దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంది.
నాకు తెలుసు,
ఆ గడిలో ఉన్నది నేనే.

రక్తం పంచుకు పుట్టినవాళ్లం,
పంపకంలోనే కాస్త తేడా.
నాన్న దగ్గరో చెల్లని కాసు, అమ్మ దగ్గరో చెల్లని కాసు,
ఉన్నట్టు వాళ్లకే తెలీదు.
అక్క వాటాకి ఒకటి వచ్చింది,
నా వాటాకి రెండూ.
ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు.
ఏ ప్లీడరూ తిరగరాయలేని వీలునామా.

"పావియాకే వెళ్తా" అంది తల ఎత్తకుండా.
"ఎందుకు?"
"ఎందుకంటావేం!"
"నా కోసమైతే వద్దు.
నాకు జ్వరమొచ్చిన ప్రతిసారీ
నువ్వు పరీక్ష తప్పినట్టు మొహం పెడతావు.
నన్ను తమ్ముడిగా ఉండనియ్యి,
సిలబస్‌ని చెయ్యకు."

మాట కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది.
ఎదురు కుర్చీలో పిల్ల పుస్తకం మూసింది.
పంపు కూడా ఒకసారి కీచుమని ఊరుకుంది.

అప్పుడెవరో మధ్యాహ్నం డబ్బా మూత తీశారు.
పచ్చి ఫావా చిక్కుళ్లు, పుదీనా, వేయించిన ఉల్లి.
ఆ పిల్ల తాతయ్య, బకీజియో, చివాల్న లేచి
కుర్చీ ఈడ్చుకుంటూ గుమ్మం దాకా పోయాడు.
"నాకు పడవమ్మా. ఏడేళ్లప్పుడు గుప్పెడు తిన్నాను.
సాయంత్రానికి ఒళ్లు పసుపు,
ఉచ్చ ద్రాక్షసారాయి రంగు.
ఆ తర్వాత ఏప్రిల్ అంతా
అమ్మ నా ముక్కుకి గుడ్డ కట్టి
చేలు దాటించి బడికి పంపేది."

అందరూ విన్నారు, జాలిపడ్డారు, తిన్నారు.
అక్క మాత్రం లాప్‌టాప్ మూసేసింది.
"ఏ చేలు? పువ్వు మీద నల్లమచ్చ ఉందా, తెల్లదా?
మీకు పడిన రకం ఒక్కటీ లేదా?"
ముసలాయన గడ్డం గోక్కున్నాడు.
"ఒరూనెలో మా పెద్దత్త కొండవాలులో వేసేది,
చిన్న గింజ, కాస్త చప్పన.
ఆకలికాగలేక ఓసారి తిన్నా.
ఏమీ కాలేదు. ఎవరికీ చెప్పలేదు,
చెప్తే అమ్మ చంపేసేది."

పెన్సిలు చెవి వెనక నుంచి దిగింది.
ఆ చూపు నేనెరుగుదును.
తెగిన బల్లి తోక కదలడం మానేదాకా
అన్నం మానేసి చూసిన తొమ్మిదేళ్ల పిల్ల చూపు.
పన్నెండేళ్లుగా ఈ స్టూలు మీద
నా కోసం దాన్ని మడిచి దాచుకుంది.

"మనుషుల్ని సరిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు,"
బస్సులో మెల్లగా అంది, తనతోనే చెప్పుకున్నట్టు,
"చిక్కుడు తప్పేమిటో దాన్ని కూడా ఎవరో ఒకరు అడగాలిగా."
కిటికీ బయట రాళ్లు, గొర్రెలు, మళ్లీ రాళ్లు.
నా ఒళ్లో కొత్త నెత్తురు వెచ్చగా సర్దుకుంటోంది.

రాత్రి ఇనుము విరిచే బిళ్ల
నీళ్లలో కరిగేదాకా కలుపుతూ
ఆమె కాగితం వైపు చూశాను.
చివరి గడి నిండింది. సస్సారి.
పక్కన చిన్నగా గింజ బొమ్మ.

గుండె మీంచి బండ దిగినట్టయింది, నిజం.
ఇంకో నిజం కూడా ఉంది,
అక్కకి చెప్పకండి:
ఓ చప్పటి చిక్కుడుగింజ మీద
ఆ రాత్రంతా కుళ్లుకున్నాను.